కర్ర వసారా కూలేది బల్ల విరిగి కాదు, అతుకు ఊడి!
కట్టించేవారు, కట్టేవారు గమనించవలసిన సంగతులు

ఇంటికి ఆనించి, పెరటిలోకి చొచ్చుకు వచ్చేటట్టు, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున బల్లలు పరిచి కర్ర వసారా కట్టుకోవడం అమెరికాలో సర్వసాధారణం. దాన్ని అక్కడ డెక్కు అంటారు. సాయంత్రంపూట నలుగురూ కుర్చీలు వేసుకుని కూర్చునేది, పిల్లలు ఆడుకునేది, విందులు జరిగేది అక్కడే. ఉద్యోగాల రీత్యా ఆ దేశంలో స్థిరపడిన కొడుకుల, కూతుళ్ళ ఇళ్ళకు వెళ్ళివచ్చిన తల్లిదండ్రులకు ఈ డెక్కు సుపరిచితమే. అటువంటిది మన ఇంటికో, తోటలోని మకాముకో ఉంటే బాగుండునని అనుకోవడమూ సహజమే.

ఆ మాటకు వస్తే ఈ పని మనకు బొత్తిగా కొత్తదేమీ కాదు. చేలో మంచె, ఇంట్లో అటక, పాత మండువా లోగిళ్ళలో కర్ర స్తంభాల పంచ, దూలాల మీద దంతెలు పరిచి వేసిన మట్టి మిద్దె – ఇవన్నీ ఒకే సూత్రం మీద నిలిచినవి. అయితే మంచె మీద కాపలా మనిషి ఒక్కడే ఉంటాడు. అటక మీద సామాను తప్ప మనుషులు ఉండరు. వసారా మీద మాత్రం పెళ్ళినాడు పాతికమంది ఒక్కసారిగా చేరతారు. తేడా అంతా అక్కడే ఉన్నది. కట్టడం కట్టేది మామూలు రోజు కోసం కాదు, ఆ ఒక్క రోజు కోసం.

రెండు ప్రమాదాలు నేర్పిన పాఠం

2003 జూన్ 29వ తేదీన అమెరికాలోని షికాగో నగరంలో ఒక మూడంతస్తుల ఇంటి వెనుక ఉన్న కర్ర వసారా విందు జరుగుతుండగా కుప్పకూలింది. పైఅంతస్తు వసారా ఊడి కింది అంతస్తు వసారా మీద, రెండూ కలిసి నేల మీద పడ్డాయి. 13 మంది మరణించారు. యాభై మందికి పైగా గాయపడ్డారు. ఆ వసారాను అనుమతి లేకుండా, ఉండవలసినదానికన్నా పెద్దదిగా, చాలీచాలని ఆధారాలతో కట్టారని నగర అధికారులు తేల్చారు.

2015 జూన్ 16వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్కిలీ పట్టణంలో ఒక భవనం అయిదో అంతస్తు బాల్కనీ విరిగిపడింది. దాని మీద ఉన్న 13 మందిలో ఆరుగురు యువతీ యువకులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో అయిదుగురు ఐర్లండు నుంచి వేసవి సెలవులకు వచ్చిన విద్యార్థులు. ఆ భవనం వయస్సు అప్పటికి పదేళ్ళయినా లేదు. పైకి చూస్తే బాల్కనీ గట్టిగానే కనిపించేది. లోపల మాత్రం నీరు చేరి, భవనం నుంచి బయటికి పొడుచుకు వచ్చిన దూలాలు గోడ దగ్గరే పుచ్చిపోయి ఉన్నాయి. ఈ దుర్ఘటన తరువాత 2018లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. మూడు అంతకు మించి వాటాలున్న అద్దె భవనాలలో ఇటువంటి కర్ర కట్టడాలను ఆరేళ్ళకొకసారి తనిఖీ చేయించాలన్నది దాని సారాంశం.

రెండు చోట్లా తొక్కే బల్ల విరిగి మనుషులు పడలేదు. ఒకచోట ఆధారం చాలక, మరొకచోట దూలం మొదట్లో పుచ్చి, కట్టడం మొత్తం ఒక్కసారిగా వదిలిపోయింది. బల్ల విరిగితే ఒకరి కాలు విరుగుతుంది. అతుకు ఊడితే అందరూ పడతారు. అందుచేత కర్ర వసారా కట్టించే గృహస్థు బల్లల నునుపు, రంగు చూసే ముందు కిందికి వంగి అతుకులు చూడాలి.

బరువు ఎంత?

ముందుగా లెక్క వేయవలసింది బరువు. మన దేశపు ప్రమాణాల ప్రకారం నివాసగృహాల బాల్కనీ చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు మోయగలగాలి. అంటే చదరపు అడుగుకు 28 కిలోలు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల వసారా అంటే 120 చదరపు అడుగులు. దాని మీద పడగల బరువు సుమారు 3,360 కిలోలు. 75 కిలోల వడ్ల బస్తాల లెక్కలో చెప్పాలంటే దాదాపు 45 బస్తాలు దాని మీద పేర్చినట్టు. కర్ర సొంత బరువు దీనికి అదనం.

ఆ వసారా ఒకవైపు ఇంటి గోడకు బిగించి, రెండోవైపు స్తంభాల మీద నిలిపితే అందులో సగం, అంటే సుమారు 22 బస్తాల బరువు గోడకు బిగించిన ఒక్క పట్టె మీద పడుతుంది. ఆ పట్టెను నాలుగు మేకులతో కొట్టి వదిలేస్తే ఏమవుతుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

మేకు ఎందుకు చాలదు?

మేకుకు అడ్డంగా వచ్చే బరువును ఆపే శక్తి కొంత ఉన్నది. తన పొడవునా లాగే బలాన్ని ఆపే శక్తి మాత్రం తక్కువ. పచ్చి గుంజకు కొట్టిన మేకు ఎండిన తరువాత చేతితో ఊడి రావడం మనం చూస్తూనే ఉంటాం. కర్ర వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకున్న కొద్దీ మేకు పట్టు వదులుతుంది. వసారా మీద జనం అటూ ఇటూ కదిలినప్పుడల్లా అది గోడ నుంచి బయటికి లాగుతుంది. ఒకనాడు పట్టె మొత్తం ఊడి వస్తుంది.

ఈ కారణం వల్లనే డెక్కును ఇంటికి బిగించడానికి, లాగితే ఊడి వచ్చే విధంగా కొట్టిన మేకులను ఆధారం చేసుకోరాదని అమెరికా నిబంధనలు చెబుతున్నాయి. అరంగుళం మందం గల బోల్టులు గాని, అంతే మందం గల పెద్ద మరమేకులు గాని వాడాలి. బోల్టు గోడపట్టె గుండా, దాని వెనుక ఉన్న గట్టి దూలం గుండా పోయి, అవతలివైపు వాషరు, నట్టుతో బిగియాలి.

మన గోడలను నమ్మవచ్చునా?

ఇక్కడ మనవారు ముఖ్యంగా గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. అమెరికాలో ఎక్కువ ఇళ్ళ గోడలకు లోపల కర్ర చట్రం ఉంటుంది. బోల్టు ఆ చట్రాన్ని పట్టుకుంటుంది. మన గ్రామాలలో పాత ఇళ్ళ గోడలు మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడలో, రాతి గోడలో, మట్టి గోడలో అయి ఉంటాయి. ఆ గోడకు రంధ్రం చేసి బోల్టు దించితే ఇటుక వదులవుతుందే గాని బోల్టుకు పట్టు దొరకదు. సిమెంటు గోడ అయినా పైపూతను చూసి నమ్మరాదు.

కాబట్టి మన పరిస్థితులకు మంచి మార్గం వసారాను గోడకు వేలాడదీయకుండా నాలుగువైపులా సొంత స్తంభాల మీద నిలపడం. గోడవైపు కూడా ఒక వరుస స్తంభాలు, వాటి మీద ఒక దూలం వేస్తే వసారా బరువు ఇంటి మీద పడదు. గోడకూ బల్లలకూ మధ్య అంగుళం సందు వదిలితే వాననీరు గోడలోకి దిగదు. రెండు స్తంభాల ఖర్చు ఎక్కువవుతుంది. ఇంటికీ, మనుషులకూ మాత్రం నిశ్చింత.

అయితే సొంత స్తంభాల మీద నిలిచిన వసారాకు ఊగే గుణం ఉంటుంది. దీనికి మందు మన మంచెలోనే ఉన్నది. మంచె గుంజలకు ఏటవాలుగా ఊతకర్రలు కట్టడం రైతులకు తెలిసిన విద్యే. స్తంభానికీ దూలానికీ మధ్య మూలకు ఏటవాలు కర్ర బిగిస్తే అక్కడ మూడు పక్కల చట్రం ఏర్పడుతుంది. నాలుగు కర్రల చట్రాన్ని తోస్తే ఒరుగుతుంది. మూడు కర్రల చట్రం ఒరగదు. పొడవువైపూ, వెడల్పువైపూ కూడా ఈ ఊతలు ఉండాలి.

స్తంభం కాలు ఎక్కడ ఉండాలి?

స్తంభాన్ని గుంట తీసి నేలలో పాతడం సులువైన పనే గాని మంచి పని కాదు. కంచె గుంజ ఎక్కడ ముందు పుచ్చుతుందో చూడండి. పైన గట్టిగానే ఉంటుంది. లోతున ఉన్న కొస కూడా కొంతవరకు గట్టిగానే ఉంటుంది. సరిగ్గా నేలమట్టం దగ్గర పుచ్చి విరుగుతుంది. కర్రను తినే బూజుకు నీరూ గాలీ రెండూ కావాలి. ఆ రెండూ సమృద్ధిగా దొరికే చోటు నేలమట్టమే. చెదలు ఎక్కే దారి కూడా అదే.

పాత లోగిళ్ళలో కర్ర స్తంభం కింద రాతి దిమ్మె ఎందుకు పెట్టారో దీన్నిబట్టి అర్థమవుతుంది. అది అందం కోసమే కాదు. నేడు కూడా అదే పద్ధతి మేలు. పునాది గుంటలో కాంక్రీటు పోసి, నేలకు కనీసం ఆరంగుళాలు పైకి దిమ్మె తేల్చి, అందులో ఇనుప పాదం నిలిపి, ఆ పాదానికి స్తంభాన్ని బోల్టులతో బిగించాలి. స్తంభం అడుగు కాంక్రీటుకు తగలకుండా కొంచెం ఎత్తులో ఉంటే నీరు పీల్చదు. చెదలు ఎక్కినా దిమ్మె మీద మట్టిగీత కంటికి కనిపిస్తుంది.

నల్లరేగడి నేలల్లో మరింత జాగ్రత్త కావాలి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. నెర్రెలు దిగే లోతుకన్నా కిందికి పునాది పోకపోతే ఒక స్తంభం లేచి, ఒకటి దిగి, అతుకులన్నీ వదులవుతాయి. అటువంటి నేలలో ఇంజనీరును అడిగి పునాది లోతు నిర్ణయించుకోవడం మంచిది.

దూలాన్ని నిలబెట్టాలి, పడుకోబెట్టరాదు

స్తంభాల మీద దూలం, దూలం మీద దంతెలు, దంతెల మీద బల్లలు – ఇదీ వరుస. దూలం స్తంభం తల మీద కూర్చోవాలి. స్తంభానికి పక్కగా ఆనించి బోల్టు మీద వేలాడదీస్తే బరువంతా ఆ బోల్టు మీదనే పడుతుంది. తల మీద కూర్చుంటే కర్ర మీద కర్ర మోస్తుంది.

రెండంగుళాల మందం, ఆరంగుళాల వెడల్పు గల దంతెను నిలబెట్టి వేస్తే, పడుకోబెట్టి వేసినప్పటికన్నా మూడు రెట్లు బరువు మోస్తుంది. వంగడం తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. కర్ర అదే, ఖర్చు అదే, వేసే తీరులోనే బలం ఉన్నది. అదే విధంగా ఆధారాల మధ్య దూరం రెట్టింపయితే, ఆ దంతె మీద పడే వంపు బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. కాబట్టి లావు దూలం దొరకనప్పుడు మధ్యలో మరొక స్తంభం వేయడమే తెలివైన పని. దంతెకు సహజంగా కొంచెం వంపు ఉంటే ఉబ్బెత్తు భాగం పైకి ఉండేట్టు వేయాలి. బరువు పడగానే అది సమమవుతుంది.

దంతెల మధ్య దూరం 16 అంగుళాలు మించకుండా ఉండటం అమెరికాలో ఎక్కువగా పాటించే పద్ధతి. బల్లలు పలుచనివైతే ఇంకా దగ్గరగా వేయాలి. దంతె కొసను దూలానికి మేకుతో ఏటవాలుగా కొట్టి వదలకుండా ఇనుప పట్టీతో బిగించాలి.

కర్ర ఎంపిక

ఎండా వానా పడే చోట చేవ ఉన్న కర్రే వాడాలి. టేకయినా, నల్లమద్ది అయినా, వేగిస అయినా లోపలి ముదురు రంగు చేవ నిలుస్తుందే తప్ప బెరడుకు ఆనుకున్న తెల్లకర్ర నిలవదు. టేకు దుంగ కదా అని తెల్లకర్రతో సహా కోయించి వాడితే ఆ తెల్లభాగాన్ని పురుగు, చెద ముందుగా పడతాయి. మామిడి కర్ర లోపలి పనులకు సరే గాని బయట వానలో త్వరగా పాడవుతుంది. తాటి దూలం వాడేవారు ముదురు చెట్టు బయటి నల్లటి భాగాన్నే వాడాలి. లోపలి మెత్తటి గుజ్జుభాగానికి బలం లేదు. దూలం మధ్యభాగాన అడుగువైపు పెద్ద ముడులు ఉండరాదు. దూలం విరగడం మొదలయ్యేది ఆ వైపు నుంచే.

కోసిన కర్రను నీడలో గాలి ఆడేటట్టు పేర్చి, బాగా ఆరిన తరువాతనే వాడాలి. మందు పట్టించిన కర్ర వాడేటప్పుడు మామూలు ఇనుప మేకులు త్వరగా తుప్పుపడతాయి. మందులోని రాగి లవణాలు దీనికి కారణం. జింకు పూత గల బోల్టులు, మేకులు వాడాలి. సముద్రతీర గ్రామాలలో ఉప్పుగాలి వల్ల స్టెయిన్‌లెస్ స్టీలువి మరింత మేలు. మందు కర్ర ముక్కలను పొయ్యిలో పెట్టరాదు. కొన్ని మందులలో పాషాణం ఉంటుంది. ఆ పొగ, బూడిద మనుషులకూ పశువులకూ ప్రమాదం.

నీరు నిలవరాదు

బల్లలకూ బల్లలకూ మధ్య పావు అంగుళం సందు వదిలితే వాననీరు కిందికి జారిపోతుంది, గాలి ఆడుతుంది. చెత్త, ఆకులు ఆ సందుల్లో పేరుకోకుండా చూడాలి. బల్లల మీద సిమెంటు పూత గాని, పలకలు గాని వేయించడం మంచిది కాదు. నీరు లోపలికి దిగితే బయటికి పోయే దారి ఉండదు. కర్ర పుచ్చుతున్న సంగతి కంటికి కనిపించదు. పూలకుండీలు నేరుగా బల్లల మీద పెట్టరాదు. కింద చిన్న కర్రముక్కలో, ఇటుకలో పెట్టి ఎత్తులో ఉంచాలి.

పిట్టగోడ, మెట్లు

నేలకు 30 అంగుళాలు మించిన ఎత్తున డెక్కు ఉంటే దాని చుట్టూ కనీసం 36 అంగుళాల ఎత్తు కటకటాలు ఉండాలని అమెరికా నిబంధన. మన ఇళ్ళలో పిల్లలు ఎక్కువ కాబట్టి మరి కొంత ఎత్తు పెట్టినా మంచిదే. కటకటాల కర్రల మధ్య నాలుగు అంగుళాల బంతి దూరనంత సందు మాత్రమే ఉండాలి. పసిపిల్లల తల దూరకుండా చేసిన ఏర్పాటు ఇది. కర్రలు నిలువుగా ఉండాలి. అడ్డంగా వేస్తే పిల్లలకు నిచ్చెన వేసినట్టే అవుతుంది.

జనం ఆనుకునేది కటకటాల మీదనే. స్వామివారి రథం వీధిన పోతుంటే అందరూ ఒక్కవైపుకే చేరతారు. అందుచేత కటకటాల స్తంభాలను బల్లలకు మేకులతో కొట్టి సరిపెట్టరాదు. కింది దంతెకు, దూలానికి బోల్టులతో బిగించాలి. మనిషి గట్టిగా నెట్టినా కదలరాదు.

మెట్లు అన్నీ ఒకే ఎత్తున ఉండాలి. మెట్టు ఎత్తు ఏడున్నర అంగుళాలు మించకుండా, కాలు మోపే వెడల్పు పది అంగుళాలు తగ్గకుండా ఉంటే వృద్ధులకూ ఇబ్బంది ఉండదు. ఒక మెట్టు ఎక్కువ, ఒక మెట్టు తక్కువ అయితే చీకట్లో పడక తప్పదు.

ఏటా రెండుసార్లు పరీక్ష

మృగశిర కార్తెకు ముందు ఒకసారి, వానలు వెనకపట్టిన తరువాత ఒకసారి వసారా కిందికి దూరి చూడాలి. మొనదేలిన ఇనుప సువ్వతో గాని, సన్నని ఉలితో గాని స్తంభం మొదలు, దంతెల కొసలు, గోడవైపు దూలం పొడిచి చూడాలి. గట్టి కర్రలో మొన దిగదు. మెత్తగా పావు అంగుళం దిగిందంటే అక్కడ పుచ్చు ప్రారంభమైనట్టే. నట్లు వదులయ్యాయా, తుప్పు కారిన మరకలు ఉన్నాయా, మట్టిగీతలు ఉన్నాయా, నడుస్తుంటే ఊగుతున్నదా – ఇవన్నీ చూడాలి. పుచ్చిన దూలానికి పైన రంగు వేసి కప్పిపుచ్చడం తమను తాము మోసం చేసుకోవడమే. కర్రను మార్చేవరకూ ఎవరినీ పైకి ఎక్కనీయరాదు.

కట్టే ముందు గ్రామ పంచాయతీ అనుమతి తీసుకోవాలి. సొంత చేలోని చెట్టయినా కొట్టే ముందు 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి అవసరమా అన్నది అధికారులను అడిగి తెలుసుకోవాలి. టేకు వంటి కలపను తరలించడానికి అటవీశాఖ పర్మిట్టు కావాలి.

అమెరికాలో పిల్లల ఇళ్ళకు వెళ్ళే పెద్దలు కూడా ఈ పరీక్ష చేయవచ్చు. ఇల్లు ఎంత ఖరీదైనదైనా డెక్కు పాతదైతే కింద ఒక్కసారి చూసి, గోడపట్టెకు బోల్టులు ఉన్నాయో, ఉత్త మేకులే ఉన్నాయో పిల్లలకు చెప్పడం మంచిది. విందుకు పాతికమందిని పిలిచే ముందు ఈ సంగతి తెలియాలి.

వసారా ఖర్చులో అధికభాగం కర్రకే పోతుంది. బోల్టులకు, వాషర్లకు, ఇనుప పాదాలకు అయ్యే ఖర్చు దానితో పోలిస్తే స్వల్పం. అయినా చివరకు డబ్బు చాలనప్పుడు మనవారు మొదట తగ్గించేది ఆ స్వల్పమైన ఖర్చునే. బల్లలు రెండు తగ్గించి వసారా చిన్నది చేసుకోండి గాని బోల్టు ఒక్కటి కూడా తగ్గించకండి. పదిమంది కూర్చునే చిన్న వసారా గట్టిగా నిలిస్తే చాలు, అది మనవళ్ళ కాలానికీ పనికివస్తుంది.